బాయిలర్ గదిలో ఉన్నవాళ్ల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు 4 దగ్గర పడింది. ఏటా నేవీ డే నాడు మీ పత్రిక ఒక ప్రత్యేక పేజీ వేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ పేజీని మా ఇంట్లో కత్తిరించి ఫైల్లో పెడుతున్నాం. పెట్టేది మా నాన్న. 1971 యుద్ధంలో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ బాయిలర్ గదిలో పనిచేసిన స్టోకరు. ఈ నెల 6న పోయారు. డెబ్బై నాలుగేళ్లు. ఈసారి కత్తెర తీసుకుని కూర్చునే మనిషి లేరు కాబట్టి, పేజీ అచ్చు కాకముందే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, తగ్గించుకోండి. కానీ దయచేసి చదవండి.

ఆయన ఫైలు మొన్న కర్మకాండలు అయ్యాక తీసి మొత్తం చదివాను. కరాచీ మీద మిసైల్ బోట్ల దాడి ఉంది. నిపాత్, నిర్ఘాత్, వీర్ పేర్లు ఉన్నాయి. అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఎత్తు ఉంది. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా ఇంకో ఓడ రాజ్‌పుత్‌ను ముందు పెట్టిన కథ. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునక ఉంది. ఆర్కే బీచ్‌లో 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఫొటో దాదాపు ప్రతి ఏడాదీ ఉంది. అన్నీ రాయాల్సినవే. కానీ ఇరవై పేజీల్లో ఎక్కడా బాయిలర్ గది లేదు. అందులో నాలుగేసి గంటలు నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు.

నాన్న ఈ మాట మీద ఎప్పుడూ బాధపడలేదు. బాధ నాది.

విక్రాంత్ ఆవిరితో నడిచే ఓడ. నాలుగు బాయిలర్లు. ఫర్నేస్ ఆయిల్ మండించి నీళ్లను ఆవిరి చేస్తే, ఆ ఆవిరి టర్బైన్లను తిప్పేది. డెక్ మీద నుంచి సీ హాక్ విమానాలను విసిరే కాటపల్ట్ కూడా ఆవిరిదే. అంత చిన్న డెక్ మీద నుంచి విమానం లేవాలంటే ఎదురుగాలి కావాలి. గాలి లేని రోజు ఓడ ముందుకు దూసుకుపోయి ఆ గాలిని తానే పుట్టించుకోవాలి. యుద్ధం వచ్చే సమయానికి నాలుగింట్లో ఒక బాయిలర్‌కు పగుళ్లు ఉన్నాయి. విడి భాగాలు మన దగ్గర దొరికేవి కావు. మిగిలిన వాటితోనే, పూర్తి స్పీడు లేకుండానే ఆ ఓడ యుద్ధానికి వెళ్లింది. డిసెంబరు 4 పొద్దున అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద, అదే రోజు మధ్యాహ్నం చిట్టగాంగ్ మీద సీ హాక్‌లు దాడి చేశాయని మీ పేజీలో చాలాసార్లు వచ్చింది. ఆ రోజు నాన్న వయసు ఇరవై ఒకటి. విమానం లేవడం ఆయన ఒక్కటీ చూడలేదు. కాటపల్ట్ కొట్టిన ప్రతిసారీ ఆవిరి ఎంతుందో చూపే గేజిలో ముల్లు కిందికి జారేదట. ఆ ముల్లును మళ్లీ పైకి తేవడం వాళ్ల పని. “ముల్లు జారితే ఒకడు ఎగిరాడని లెక్కమ్మా” అనేవారు. తిరిగి దిగినవాళ్ల లెక్క పైనుంచి ఎవరైనా వచ్చి చెబితే తప్ప వీళ్లకు తెలిసేది కాదు.

మేం చిన్నప్పుడు “యుద్ధంలో ఏం చేశావు నాన్నా” అని అడిగితే, “నీళ్లు చూశాను” అనేవారు. చాలా ఏళ్లు అది తప్పించుకునే మాట అనుకున్నాను. కాదు. బాయిలర్‌కు గాజు గొట్టం ఒకటి ఉంటుంది, లోపల నీళ్లు ఎంత ఉన్నాయో కనబడటానికి. నీళ్లు తగ్గితే ట్యూబులు కాలిపోతాయి. ఎక్కువైతే నీళ్లు ఆవిరితో పాటు టర్బైన్లోకి పోయి దాన్ని పాడుచేస్తాయి. ఆ గొట్టంలో నీటి గీత నుంచి కన్ను తిప్పకుండా నాలుగు గంటలు నిలబడటం ఆయన యుద్ధం.

ఇంకొకటి పొగ. ఆయిల్‌కు గాలి తక్కువైతే చిమ్నీ నుంచి నల్లపొగ, ఎక్కువైతే తెల్లపొగ. రెండూ రాకూడదు. సముద్రం మీద పొగ మైళ్ల దూరం కనబడుతుంది. బాయిలర్ దగ్గర ఉన్న కుర్రవాడు ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే ఓడ మొత్తం శత్రువు కంట్లో పడుతుంది. మా ఇంట్లో కిరోసిన్ స్టవ్ ఉన్నన్నాళ్లూ దాని వత్తులు నాన్నే కత్తిరించేవారు. మంట ఎర్రబడి గిన్నెకు మసి పట్టిందంటే ఎక్కడున్నా లేచి వచ్చేవారు. కిందికి వంగి, మంట నీలంగా మారేదాకా తిప్పి, “పొగ పెట్టకే, దొరికిపోతాం” అని అమ్మతో అనేవారు. అమ్మ ఒక్కసారి కూడా “ఎవరికి” అని అడగలేదు.

నాన్నది భీమిలి దగ్గర పల్లె. తాతది కౌలు సాగు. 1967లో, పదిహేడేళ్లకు నేవీలో చేరారు. లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ కేంద్రంలో ఇంజనీరింగ్ శిక్షణ. సముద్రం పక్కన పుట్టినవాడు పని నేర్చుకోవడానికి కొండ ఎక్కాల్సి వచ్చిందని నానమ్మకు వింతగా ఉండేదట. ఇంట్లో నలుగురు చెల్లెళ్లు. జీతంలో తన ఖర్చులకు కొంచెం ఉంచుకుని మిగతాది మనియార్డర్ చేసేవారు. నలుగురి పెళ్లిళ్లూ ఆయన జీతం మీదే జరిగాయి. పిన్నత్త ఇప్పటికీ ఆ విషయం చెప్పకుండా మా ఇంట్లో అన్నం తినదు.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ తీరంలో పేలుడు జరిగింది. ఊళ్లో కిటికీలకు నల్లకాగితాలు, దీపాలు లేవు. సముద్రంలో ఓడ పేలిపోయిందట అనే మాట తెల్లారేసరికి భీమిలి దాకా వచ్చింది. ఏ ఓడో ఎవరికీ తెలియదు. అది ఘాజీ అని బయటికి తెలిశాక కూడా నానమ్మ నమ్మలేదట. కొడుకు ఉత్తరం జనవరిలో వచ్చింది. అంతవరకూ ఆమె గుమ్మంలోనే పడుకుంది, పోస్టు అటునుంచి వస్తుంది కాబట్టి.

ఘాజీ గురించి నాన్న అనే మాట ఒకటి మీ పాఠకులకు చెప్పాలని ఉంది. ఆర్కే బీచ్ స్తూపం దగ్గరికి మమ్మల్ని ఏటా తీసుకెళ్లేవారు. ఒకసారి మా తమ్ముడు, అప్పటికి కాలేజీ కుర్రాడు, “తొంభై మందికి పైనే పోయారట నాన్నా అందులో” అని హుషారుగా అన్నాడు. నాన్న చాలాసేపు నీళ్లవైపు చూసి, “అందులోనూ ఇంజిన్ గదివాళ్లు ఉంటారు కదరా. వాళ్లకి ఏం జరిగిందో కూడా తెలిసుండదు” అన్నారు. అంతే. స్తూపానికి సెల్యూట్ చేశారు, ఇంటికి వచ్చేశాం. గెలుపు మీద ఆయనకు అనుమానం లేదు. ఆ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం పెట్టెలో భద్రంగా ఉంది. అయినా ఆ మాట అన్నారు.

దానికి కారణం నాకు 2006లో తెలిసింది. ఆ ఏడాది అమ్మను, నన్ను తీసుకుని డయ్యూ వెళ్లారు. జీవితంలో యాత్ర అంటే అదొక్కటే చేశారు, తిరుపతి కాకుండా. అక్కడ ఐఎన్ఎస్ ఖుక్రీ స్మారకం ఉంది. 1971 డిసెంబరు 9 రాత్రి హాంగర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి టార్పెడోలతో కొట్టిన ఓడ. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. దాని కెప్టెన్ ముల్లా ఓడతోపాటే మునిగిపోయారని మనందరికీ తెలుసు. స్మారకంలో అద్దాల పెట్టెలో ఆ ఓడ నమూనా ఉంది. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశారు. తర్వాత అద్దం మీద వేలు పెట్టారు, నీటి గీత కిందుగా, ఓడ మధ్యలో. “వాడు ఇక్కడుండి ఉంటాడు” అన్నారు. లోనావాలాలో పక్క మంచం వాడట. ముప్పై అయిదేళ్లలో ఆ స్నేహితుడి గురించి మేం వినడం అదే మొదలు. అమ్మకు మాత్రం తెలుసు. ఆమె అప్పటికే పర్సులోంచి రూమాలు తీసి పట్టుకుని ఉంది.

అమ్మ గురించి చెప్పకుండా నాన్న గురించి చెప్పలేను.

వాళ్ల పెళ్లి 1973లో. అమ్మకు చదువు రాదు. నాన్న ఓడ మీద, అమ్మ పల్లెలో అత్తగారి దగ్గర. ఉత్తరం వస్తే పోస్టుమాన్ అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేలా చదివేవాడు. అమ్మ తలుపు చాటున నిలబడి సిగ్గుతో చచ్చిపోయేదట. ఆ సంగతి తెలిసిన నాన్న, తర్వాతి సెలవులో పలక కొనితెచ్చి ఇచ్చారు. ఓడ ఎక్కాక ప్రతి ఇన్‌లాండ్ లెటర్‌లోనూ పోస్టుమాన్ చదివే విషయాలు పైన రాసి, కింద అడుగున అయిదు అక్షరాలు పెద్దవిగా రాసి పంపేవారు. ఈ అయిదూ దిద్దు అని. అ ఆ ఇ ఈ ఉ ఒక ఉత్తరంలో. తర్వాతివి ఇంకో ఉత్తరంలో. గుణింతాలకు ఏడాది పట్టింది. 1975లో అమ్మ మొదటి ఉత్తరం రాసింది. అది నాన్న సర్వీసు కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉంది. మూడే మాటలు: “అందరూ బాగున్నారు. రండి.” అందులో ‘గు’ తిరగేసి ఉంటుంది. ఆ తర్వాత పోస్టుమాన్ ఉత్తరం ఇచ్చి వెళ్లిపోవడమే.

నాన్న 1982లో పెట్టీ ఆఫీసరుగా పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని వచ్చారు. ఉండమన్నా ఉండలేదు. నాకు ఆరేళ్లు, తమ్ముడికి మూడు. మా ఇద్దరి పుట్టుకకూ ఆయన ఇంట్లో లేరు. “మూడోసారి కూడా లేకపోతే ఎలా” అన్నారట, మూడో పిల్ల ఎప్పటికీ పుట్టలేదనుకోండి. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ పరీక్ష పాసై గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో చేరి 2008 దాకా చేశారు. ఆ ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు, రోజూ ఇంటికి వచ్చేవారు అనేది తప్ప. మాకు అదే పెద్ద విషయం.

వీధిలో ఎవరి మోటారు ఆగినా పిలిచేది నాన్ననే. పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని మొన మోటారు బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకునేవారు. బాయిలర్ గది చప్పుడుకు ఆయన చెవులు ముప్పై ఏళ్లు నిండకముందే దెబ్బతిన్నాయి. మనం చెప్పేది వినపడదు, కానీ ఆ పిడి గుండా బేరింగులో ఒక గుండు అరిగిందని చెప్పేవారు. విప్పి చూస్తే అదే. వేళ్ల కొనలు కూడా అంతే, వేడి పైపులకు కాలి కాలి నున్నగా అయిపోయాయి. ఏటా నవంబరులో పింఛను కోసం బతికే ఉన్నామని వేలిముద్ర వేసి జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి కదా. ఒక సెంటర్లో మిషన్ మీద పది వేళ్లూ పెట్టించి, ఒక్కటీ పడక, “తాతా, నీ వేళ్లు లేవు” అన్నాడు అక్కడి కుర్రాడు. మూడు రోజులు తిరిగాం. ఫోన్లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చాక ఆ కష్టం పోయింది. ఆ కుర్రాడి తప్పేం లేదు. ఆ వేళ్లు ఎందుకలా అయ్యాయో అతనికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

2011 మార్చిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. మాట ముద్దగా అయిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో ఇంటికి తెచ్చాం. మంచంలో ఉన్న మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చాలని, లేకపోతే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పారు. అందరికీ చెప్పే మాటే. నాన్న ఆ సాయంత్రం రెండు వందల పేజీల నోట్ పుస్తకం ఒకటి కొని, స్కేలు పెట్టి గీతలు గీశారు. టైము, పక్క, నీళ్లు, ఆహారం, మందు, బీపీ. ఓడలో గంట గంటకూ బాయిలర్ లాగ్ పుస్తకం రాసినట్టు.

ఒక పేజీ నా ముందుంది. అలాగే రాస్తున్నాను. “02.00 స్టా. నీళ్లు 100. 04.00 పో. నిద్ర. 06.00 స్టా. కాఫీ అర గ్లాసు, నవ్వింది.” స్టా అంటే స్టార్‌బోర్డు, ఓడకు కుడి వైపు. పో అంటే పోర్టు, ఎడమ. అమ్మను కుడి పక్కకు తిప్పారా ఎడమ పక్కకు తిప్పారా అన్నది ఆయన అలా రాసుకున్నారు. రోజుకో పేజీ. తొమ్మిదేళ్లకు కొంచెం తక్కువ. పదహారు పుస్తకాలు నిండాయి. పదిహేడో దాంట్లో ఆరేడు పేజీలు నిండాక, 2020 జనవరిలో అమ్మ వెళ్లిపోయింది. ఆ తొమ్మిదేళ్లలో అమ్మ ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి తన స్నేహితురాళ్లను తెచ్చి ఆ పుస్తకాలు చూపించేది.

ఓడలో డ్యూటీ వంతుల్లాగే రోజును వాచ్‌లుగా విభజించారు. అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా ఉండే మిడిల్ వాచ్ ఎప్పుడూ ఆయనదే. ఎవరికీ ఇవ్వలేదు. నేను బడి నుంచి వచ్చాక సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు నాది. నేను టీచర్ని, ఇల్లు రెండు వీధుల అవతల. వచ్చి చెప్పులు విడవగానే నాన్న పుస్తకం చేతిలో పెట్టేవారు. చివరి పేజీ మొత్తం నేను చదివేదాకా కుర్చీలోంచి లేచేవారు కాదు. చదివి, “చూశాను నాన్నా” అని పెద్దగా చెప్పాలి. అప్పుడు కండువా భుజాన వేసుకుని కూరగాయలకు వెళ్లేవారు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. అమ్మ ఎదురుగానే కనబడుతోంది కదా, ఈ చదవడం ఎందుకని. ఒకరోజు పైపైన చూసి “చూశాను” అన్నాను. “మూడు గంటలకి ఏం రాశాను” అని అడిగారు. చెప్పలేకపోయాను. కోప్పడలేదు. మళ్లీ కూర్చున్నారు, నేను చదివేదాకా. మధ్యాహ్నం మూడింటికి అమ్మకు పొలమారిందని, ద్రవాలు చెంచాతోనే ఇవ్వాలని అందులో ఉంది. చదవకపోయి ఉంటే నేను అయిదింటికి గ్లాసుతో పాలు పట్టేదాన్ని.

అమ్మ మాట ముద్ద, నాన్నకు చెవుడు. ఆమె చెప్పేది మాకు కొద్దో గొప్పో తెలిసేది, ఆయనకు అస్సలు తెలిసేది కాదు. రెండో వారంలో నాన్న పలక కొనుక్కొచ్చారు. అమ్మ కుడిచెయ్యి బాగుంది. పలక ఆమె పొట్ట మీద పెట్టి ఆయన పట్టుకునేవారు, ఆమె రాసేది. ఫ్యాను. మజ్జిగ. గుంట వచ్చిందా, అంటే నేను. కొన్ని రోజులు మంచి మాటలు రాసేది, కొన్ని రోజులు “చాలు” అని ఒక్క మాట రాసి పలక పక్కకు తోసేది. అలాంటి రోజు ఆయన లాగ్‌లో “వాతావరణం బాగాలేదు” అని రాసేవారు. ఒక తెల్లవారుజామున నేను అక్కడే పడుకుని ఉండగా మెలకువ వచ్చింది. నాన్న పక్క మారుస్తున్నారు. అమ్మ పలక అడిగి తీసుకుని రాసింది. ఆయన బెడ్ లైటుకు దగ్గరగా పెట్టుకుని చదివి, తడిబట్టతో తుడవబోయి, తుడవకుండా బల్ల మీద నిలబెట్టారు. పొద్దున వెళ్లి చూశాను. “మీరు పడుకోండి” అని ఉంది. ‘గు’ తిరగేసిన మనిషి ‘డ’ను గుండ్రంగా, అందంగా రాసింది.

విక్రాంత్ సంగతి కూడా ఆ ఏళ్లలోనే. పాత ఓడను 1997లో సర్వీసు నుంచి తప్పించారు. ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కు కింద విరగ్గొట్టడం మొదలుపెట్టారు. ఆ వార్త మీ పత్రికలోనే చదివారు నాన్న. దాన్ని మాత్రం కత్తిరించలేదు. 2016లో విక్రాంత్ ఇనుముతో చేశామని బజాజ్ వాళ్లు ఒక బైకు తెచ్చినప్పుడు తమ్ముడు ఆయన్ను షోరూంకు తీసుకెళ్లాడు. నా వాచ్ టైములోనే వెళ్లివచ్చారు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారట. ఇంటికి వచ్చి అమ్మతో చెబుతుంటే విన్నాను. “చల్లగా ఉందే” అన్నారు. “నేనున్నన్నాళ్లూ అందులో ఇనుము చల్లగా ఉండటం ఎరగను.”

కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నేవీలో చేరింది. టీవీలో చివరిదాకా చూశారు. ఇందులో గ్యాస్ టర్బైన్లని, బాయిలర్లు లేవని ఆయనకు ముందే తెలుసు. “మంచిదే. పిల్లలకి ఆ వేడి తప్పింది” అన్నారు. ఆ డిసెంబరులో నేవీ డే విన్యాసాలు మన విశాఖలోనే జరిగాయి, రాష్ట్రపతి ముర్ము గారు వచ్చారు. ఆర్కే బీచ్‌లో జనం మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఓడలు వరసగా వెళుతుంటే పక్కన కాలేజీ పిల్లలు కేకలు వేస్తూ ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. నాన్న మాత్రం ఒక్కొక్క ఓడ వచ్చినప్పుడు చిమ్నీ వైపే చూస్తున్నారు. “పొగ లేదు” అని నా చెయ్యి తట్టారు. ఎంత సంతోషమో ఆ ముఖంలో.

ఇక నేను అడిగేది. 1971లో ఇరవై ఏళ్లున్న నావికుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. అప్పటి పెద్దవాళ్లకు ఎనభై దాటాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల్లోంచి నేవీలో చేరిన పిల్లలు ఎందరో. వంటగదిలో రొట్టెలు కాల్చినవాళ్లు, సిగ్నల్ దీపాలు కొట్టినవాళ్లు, బాయిలర్లు చూసినవాళ్లు. అడ్మిరళ్లు పుస్తకాలు రాసుకున్నారు. వీళ్లు రాసుకోరు, అడిగినా “ఏముందమ్మా చెప్పడానికి” అంటారు. మీకు జిల్లా జిల్లాకూ విలేకరులు ఉన్నారు. ఈ డిసెంబరు 4 పేజీలో సగం వాళ్లకు ఇవ్వండి. కిందటేడాది వేసిన ఘాజీ కథ మళ్లీ ఏడాది వేసుకోవచ్చు. వీళ్లను మళ్లీ ఏడాది అడగలేకపోవచ్చు.

ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉన్న పాఠకులకు నాకు తెలిసిన ఒక ఉపాయం చెబుతాను. “యుద్ధంలో ఏం చేశావు” అని అడక్కండి, ఏమీ చెప్పరు. “నీ బంక్ ఎక్కడుండేది? పైదా, కిందిదా? దాహమేస్తే ఏం తాగేవాళ్లు? పక్కన ఎవరు పడుకునేవాళ్లు?” అని అడగండి. నిమ్మరసంలో ఉప్పు కలిపి బకెట్‌తో పెట్టేవాళ్లని మొదలుపెట్టి నాన్న ఒకరోజు గంటన్నర మాట్లాడారు. నేను ఫోన్లో రికార్డు చేసింది అదొక్కటే. ఇంకా చేసి ఉండాల్సింది. వాళ్ల సర్వీసు కాగితాలు, పతకాలు ఎక్కడున్నాయో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కుటుంబ పింఛనుకు ఎలాగూ కావాలి.

చివరి రోజుల సంగతి. అక్టోబరు ఆఖర్లో నాన్నకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. మంచంలో నుంచి లేవలేని స్థితి. నేను ఇంటికి వెళ్లి బట్టలతో పాటు పదిహేడో పుస్తకం తెచ్చాను. అమ్మ పేజీల తర్వాత ఒక పేజీ వదిలేసి, స్కేలుతో గీతలు గీసి, ఆయనది మొదలుపెట్టాను. టైము, పక్క, నీళ్లు, ఆక్సిజన్. రాత్రి తమ్ముడు ఉండేవాడు, పగలు నేను. మిడిల్ వాచ్ తమ్ముడే తీసుకున్నాడు, అడక్కుండానే. డ్యూటీ నర్సు ఆ పుస్తకం చూసి, “స్టా అంటే ఏంటండీ” అని అడిగింది. చెబితే మర్నాటి నుంచి ఆమె కూడా అలాగే రాసింది.

5వ తేదీ సాయంత్రం నాలుగింటికి పక్క మార్చాను. కళ్లు తెరిచి, మాస్కు లోంచి ఏదో అన్నారు. వంగి విన్నాను. “రాశావా?” అన్నారు. పుస్తకం ఆయన కళ్ల ముందు పెట్టాను. చాలాసేపు చూశారు, నేను పేజీలు వెనక్కి తిప్పేదాకా. అక్కడ అమ్మ పేర ఉన్న ఆఖరి గీత కూడా చూశారు. తర్వాత కళ్లు మూసుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున నాలుగు దాటాక పోయారు.

పదిహేడు పుస్తకాలూ, అమ్మ మొదటి ఉత్తరమూ, పూర్వీ స్టారూ నా దగ్గరే ఉన్నాయి. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను. పేరు వేయాలని నాకు పట్టింపు లేదు, బాయిలర్ గది అని వేస్తే చాలు. బడి అయ్యాక, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒక స్టోకరు కూతురు,
విశాఖపట్నం